వాడిన కారునకు దేహపరీక్ష



వాడిన కారును కొనునపుడు దాని రేకులందును లోపలి దేహమునందును దాగియున్న ప్రమాదపు గాయములను కనుగొనుట యెట్లు అనునది నేటి నా ప్రసంగవిషయము. వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులునకు ఈ విషయముతో పని యేమని మీరు ఆశ్చర్యపడవచ్చును. అమరకోశమున పండితునకు చెప్పిన పర్యాయపదములలో దోషజ్ఞుడు అనునది యొకటి. దోషమును గుఱుతింపగలవాడే పండితుడని మన పూర్వులు తలంచిరి. ముప్పదియైదేండ్లు పిల్లల వ్రాతలలో తప్పులు వెదకిన కన్నులకు రేకుమీది తప్పులు వెదకుట క్రొత్త విద్యయే గాని పరాయి విద్య కాదు. పైగా నావద్ద చదువుకొన్న పిల్లవాడొకడు విజయవాడ ఆటోనగరమున టింకరింగు పనిలో ఇరువదియేండ్లుగా చేయి తిరిగినవాడు. నేను చెప్పబోవు సంగతులలో పెక్కు వానియొద్ద శిష్యుడనై నేర్చుకొన్నవి.

మన పల్లెలలో ఇప్పుడు వాడిన కారు కొనుట అరుదైన సంగతి కాదు. వృద్ధులను ఆసుపత్రికి చేర్చుటకని కొందరు, పిల్లల చదువులకని కొందరు, పెండ్లిండ్లకు పేరంటములకు పోవుటకని కొందరు కొనుచున్నారు. క్రొత్తకారు వెల భరింపలేనివారికి అది తగిన మార్గమే. కొనబోవు యువకుడు బేరమునకు పోవునపుడు తోడుగ ఒక పెద్దను పిలుచుకొని పోవుట మన మర్యాద. ఆ పెద్ద తఱచుగా కుర్చీలో కూర్చుండి, ఇచ్చిన టీ త్రాగి, వెలలో రెండు మూడు వేలు తగ్గింపజేసి లేచి వచ్చును. అంతటితో తన బాధ్యత తీఱినదని తలంచును.

ఎడ్లసంతలో మీరిట్లు చేసితిరా? కొమ్ములకు పూసిన రంగును చూచి బేరమాడితిరా? నోరు తెఱపించి పండ్లు లెక్కించితిరి. నాలుగు అడుగులు నడిపించి కుంటు కలదేమో చూచితిరి. మూపుమీద కాడి రాపిడిని, గిట్టలను, డొక్కలను చేతితో తడవి చూచితిరి. అమ్మువాని మాటను విన్నను, పశువు దేహమునే నమ్మితిరి. కారు విషయమున కూడ చేయవలసినది ఇంతమాత్రమే. మీకు క్రొత్తగా తెలియవలసినది ఎచ్చట చేయి పెట్టవలెను, ఎచ్చట కన్ను నిలుపవలెను అనునదే.

మొదట కారు దేహము ఎట్టిదో తెలిసికొందము. లారీలకు క్రింద ఉక్కుదూలములతో వేఱుగ ఒక ఛాసిస్ ఉండును. పైభాగమును దానిపై బిగింతురు. మనము కొను చిన్నకార్లలో దాదాపు అన్నింటికిని అట్టి ప్రత్యేకపు ఛాసిస్ లేదు. పలుచని రేకులను మడచి, పెట్టెలవలె మూసి, వేలకొలది చుక్కవెల్డింగులతో ఒకటిగ చేర్చినదే దాని దేహము. ఇంటికి గోడలే స్తంభములైనట్లు, ఇచ్చట దేహమే ఛాసిస్. కనుక ఒకచోట తగిలిన పెద్దదెబ్బ ఆ చోటనే ఆగిపోదు. అతుకులవెంబడి లోనికి ప్రాకును.

ఈ దేహము కూర్చున్నవారిని కాపాడు విధము కూడ తెలియదగినది. ఆస్ట్రియాలో జన్మించి జర్మనీలో పనిచేసిన బేలా బారేనీ యను ఇంజనీరు 1951లో ఒక క్రొత్త ఆలోచనకు పేటెంటు కోరెను. కారు ముందుభాగమును వెనుకభాగమును తగిన క్రమమున నలిగి దెబ్బలోని శక్తిని మ్రింగవలెననియు, నడుమ మనుష్యులు కూర్చుండు గది మాత్రము గట్టిగ నిలువవలెననియు ఆయన ఆలోచన. 1959లో మెర్సిడెస్-బెంజ్ కారొకటి ఈ పద్ధతిలో తయారై వచ్చినది. నేటి కార్లన్నియు ఆ మార్గముననే నడచుచున్నవి. "నేటి కార్ల రేకు తగరమువంటిది, తాకగనే నలుగును" అని మనలో కొందరు ఆక్షేపింతురు. ముందుభాగము నలుగుట దాని దోషము కాదు, దాని ధర్మము. అది నలిగినందుననే లోపలి మనిషి నలుగడు.

అయితే ఒకసారి నలిగిన లోహము తన ధర్మమును చాలవఱకు నెరవేర్చినది. దానిని సుత్తెతో సాపుచేసి, గ్యాసుమంటతో కాల్చి లాగి, పుట్టీ పూసి రంగు వేసినచో చూపునకు మఱల యథాస్థితికి వచ్చును. బలము మాత్రము యథాస్థితికి రాదు. నేటి కార్ల పిల్లర్లలో వాడు గట్టి ఉక్కు మంటకు గుఱియైనచో తన బిగువును పోగొట్టుకొనును. 2023 అక్టోబరు 1 నుండి మన దేశమున భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష అమలులోనికి వచ్చినది. గంటకు 64 కిలోమీటర్ల వేగమున కారును అడ్డుకట్టకు కొట్టించి, అది మనుష్యులను కాపాడు తీరును బట్టి ఐదు వఱకు నక్షత్రములు ఇత్తురు. ఆ నక్షత్రములు కర్మాగారమునుండి వచ్చిన దేహమునకు ఇచ్చినవి. విఱిగి అతుకబడిన దేహమునకు అవి చెల్లవు. నేటి ప్రసంగమునకు ఇదియే ప్రాణము. దాగిన మరమ్మతును వెదకుట వెలలో పదివేలు తగ్గించుకొనుటకు మాత్రమే కాదు. రేపు ఆ కారులో కూర్చుండబోవు మన బిడ్డల ప్రాణమునకు పూచీ యున్నదో లేదో తెలిసికొనుటకు.

గాయములు రెండు తెగలు. చర్మగాయము మొదటిది, అస్థిగాయము రెండవది. బంపరు గీచికొనుట, తలుపు సొట్టపడుట, ఫెండరు మార్చుట చర్మగాయములు. మన ఇరుకు వీథులలో తిరిగిన ఏ కారునకైన ఇట్టివి తప్పవు. వీనిని చూచి కారును త్రోసిపుచ్చనక్కఱలేదు. ముందుచక్రముల ప్రక్కనున్న ఆప్రాన్లు, ఇంజనునకు ఇరువైపుల ముందునకు సాగు పొడవైన దూలములు, కప్పును మోయు పిల్లర్లు, నేల అనునవి అస్థులు. వీనిలో విఱుగుడు, కోత, అతుకు కనబడినచో ఆ కారు మనకు వలదు. చర్మగాయము కనబడినచోట దాని క్రింద అస్థిగాయము కలదా అని చూచుటయే పరీక్షయొక్క ముఖ్యప్రయోజనము.

ఇక పరీక్షాక్రమము. కారును ఉదయపు వెలుతురులో, బయలునందు, సమముగనున్న నేలమీద నిలిపి చూడవలెను. దీపములక్రింద రంగుభేదము తెలియదు. తడిసిన కారుమీద గీతయు కనబడదు, సొట్టయు కనబడదు. దుమ్ముతో నున్నను అంతే. కడిగి ఆరబెట్టిన కారునే చూడవలెను. "సాయంత్రము ఏడు గంటలకు రండు" అని చెప్పిన వర్తకునితో "రేపు ఉదయము వత్తుము" అని చెప్పుటకు మొగమాటపడరాదు.

మొదట పదడుగుల దూరమున నిలిచి చుట్టును తిరిగి చూడుడు. తలుపునకు తలుపునకు నడుమ, బానెట్టునకు ఫెండరునకు నడుమ సన్నని సందు ఉండును. ఆ సందు పైనుండి క్రిందివఱకు ఒకే వెడల్పున నుండవలెను. ఎడమప్రక్కన ఎంతయున్నదో కుడిప్రక్కన అంతయే యుండవలెను. ఒకవైపు సన్నగిలి మఱొకవైపు వెడల్పైనచో ఆ రేకు ఎన్నడో ఊడదీయబడినదనియో, దానిని మోయు దేహమే ప్రక్కకు జరిగినదనియో అర్థము. తలుపులను ఒక్కొక్కదానిని తెఱచి మెల్లగా మూయుడు. మూతపడునపుడు తలుపు పైకెత్తవలసి వచ్చినను, ఒక తలుపు ధ్వని తక్కిన తలుపుల ధ్వనికి భిన్నముగ నున్నను అచ్చట ఆగి చూడవలెను.

తరువాత కారు మూలయొద్ద వంగి, ప్రక్కభాగము పొడవునను దృష్టిని సాగించి చూడుడు. ఎదుటి చెట్టునీడ, విద్యుత్ స్తంభపు ఛాయ ఆ రేకుమీద కనబడును. ఛాయ తిన్నగ సాగినచో రేకు చక్కగ నున్నది. నీటిలోని నీడవలె వంకరలు పోయినచో అచ్చట సుత్తెయు పుట్టీయు పనిచేసినవి. రంగును కూడ పోల్చి చూడుడు. కర్మాగారమున వట్టి లోహపుదేహమును రంగులో ముంచి, నూటడెబ్బది డిగ్రీల ప్రాంతపు వేడిలో కాల్చుదురు. ఆ పునాదిపై తక్కిన పొరలు వేసి మఱల కాల్చుదురు. మరమ్మతు శాలలో అంత వేడి పెట్టుటకు వీలులేదు. రబ్బరు, ప్లాస్టికు, తీగెలు అప్పటికే బిగించియుండును. కావున అచ్చట అఱువది, ఎనుబది డిగ్రీలతో సరిపెట్టుదురు. అందుచే రెండు రంగులకు మెఱుపులోను నునుపులోను ఏదో కొంత భేదము మిగులును. ఒక్క హెచ్చరిక: బంపర్లు ప్లాస్టికువి. క్రొత్తకారులో కూడ వాని రంగు రేకు రంగునకు ఇంచుక తేడాగ కనబడవచ్చును. దానిని దోషముగ నెన్నరాదు.

సందేహము కలిగినచోట చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి ఆనింపుడు. వట్టి రేకుమీద అది గట్టిగ పట్టుకొనును. దళసరి పుట్టీ, మన పనివారు లప్పము అనునది, క్రింద నున్నచో వదులుగ పట్టును, లేదా జాఱిపోవును. రంగు మందమును కొలుచు చిన్న యంత్రము కూడ కలదు. కర్మాగారపు రంగు పొరలన్నియు కలిసి సాధారణముగ 100 నుండి 150 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో పదవవంతునకు కొంచెము పైన ఉండును. మఱల రంగు వేసినచోట 200, 300 చూపును. పుట్టీ పెట్టినచోట 500 దాటి వేయివఱకును పోవచ్చును. కారంతయు 120 ప్రాంతమున చూపుచు ఒక తలుపుమాత్రము 700 చూపినచో ఇక వాదము అక్కఱలేదు. ప్లాస్టికు భాగములమీద అయస్కాంతము ఎట్లును పట్టదని మఱువవలదు.

ఇప్పుడు బానెట్టు తెఱవుడు. నా శిష్యుడు మొదటిరోజున నాకు చెప్పిన మాట ఇది: "మాస్టారూ, రంగు చూసి మోసపోతారు గానీ బోల్టు చూసి మోసపోరు." బానెట్టు కీళ్లకును తలుపుల కీళ్లకును బిగించిన బోల్టులు చాల కార్లలో దేహముతోపాటే రంగులో తడిసి వచ్చును. వాని తలమీద రంగు పగులక యుండవలెను. పానా పెట్టి త్రిప్పినచో అంచులలో రంగు రాలి లోహము కనబడును. బోల్టుచుట్టు వాషరు కదలిన గుఱుతు అర్ధచంద్రాకారముగ తెలియును. అట్టి గుఱుతున్నచో ఆ రేకు ఊడదీయబడినది. ఎందులకు ఊడదీసితిరని అమ్మువానిని అడుగవలెను.

అచ్చటనే రేడియేటరును మోయు అడ్డపట్టీని, ఇరువైపుల ఆప్రాన్లను చూడుడు. కర్మాగారపు చుక్కవెల్డింగు బటానీగింజంత గుండ్రని పల్లమువలె నుండును. ఆ పల్లములు ఒక వరుసలో ఇంచుమించు సమదూరమున సాగును. చేతివెల్డింగు అట్లుండదు. అది ఉబ్బెత్తుగ నుండును, లేదా అరగదీసిన గీఱలతో నుండును, లేదా పల్లము కనబడకుండ నల్లని పూత క్రింద దాగియుండును. అతుకులమీద పూయు సీలు కూడ సాక్ష్యము చెప్పును. కర్మాగారమున అది ఒకే తీరున సాగును. మరమ్మతులో కుంచెతోనో వ్రేలితోనో పూసినందున హెచ్చుతగ్గులుగ నుండును. ఎడమ ఆప్రానును కుడి ఆప్రానుతో పోల్చి చూచుటకంటె సులువైన పరీక్ష మఱొకటి లేదు. కవల పిల్లలలో ఒకనికి మచ్చయున్న, రెండవవానిని చూచినపుడే అది మనకు తెలియును.

తలుపుల వంతు. తలుపు తెఱచినపుడు చట్రము అంచున రబ్బరు బీడింగు ఉండును. అమ్మువాని అనుమతితో దానిని ఒక మూరెడు మెల్లగ లాగినచో వచ్చును, మఱల ఒత్తినచో కూర్చుండును. దానిక్రింద పిల్లరు అంచులో చుక్కవెల్డింగుల వరుస కనబడవలెను. అది మధ్యలో ఆగిపోయినను, అంచు నలిగి చక్కజేసినట్లున్నను, ఆ ప్రక్కన బలమైన దెబ్బ తగిలినదని తెలియవలెను. రబ్బరుమీదను, చక్రపుగూటిలోని ప్లాస్టికుమీదను, దీపపు అంచులమీదను రంగుతుంపరలు పడియున్నచో అవియు రంగుపని జరిగినదానికి గుఱుతులే.

వెనుకకు పోయి డిక్కీ తెఱచి, చాప ఎత్తి, స్టెప్నీచక్రమును బయటికి తీయుడు. ఆ గుంత గోడలు ముడుతలు లేక యుండవలెను. వెనుకనుండి దెబ్బ తగిలిన కారులో బయటి రేకు ఎంత చక్కజేసినను ఈ గుంతలో ముడుత తఱచు మిగిలియుండును. ఎంతటి నేర్పరియైన పనివాడైనను కనబడనిచోట శ్రమపడుట అరుదు. నేలచాపక్రింద, సీటు పట్టాలయొద్ద ఎండిన బురదయు త్రుప్పును కనబడినచో అది వరదలో మునిగిన కారు కావచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనములు నీట మునిగిన సంగతి మీరెఱుగుదురు. అట్టివి కడిగి తుడిచి అమ్మకమునకు వచ్చుట కలదు.

ఇచ్చట మా ప్రాంతమున జరిగిన ఒక సంగతి చెప్పెదను. ఒక మిర్చిరైతు భార్యకు మూత్రపిండములు చెడి, వారమునకు రెండుసార్లు డయాలసిసుకు పట్టణము పోవలసి వచ్చెను. బస్సులో తిరుగలేక, ఒక పంట సొమ్ము పెట్టి కారు కొనదలంచెను. ఒక వర్తకునికి ఫోనులోనే మాట యిచ్చి పదివేలు అడ్వాన్సు పంపి, తరువాత నన్ను తోడు పిలిచెను. కారు అద్దమువలె మెఱయుచున్నది. వెల బజారుకంటె అఱువదివేలు తక్కువ. "వెనుక చిన్న దెబ్బ, బంపరు మార్చితిమి" అని వర్తకుడు చెప్పెను. సందులు చూచితిమి, కొంచెము తేడా. కుడి వెనుకతలుపు బీడింగు లాగితిమి, చుక్కల వరుస లేదు. నేలచాప ఎత్తి చూచితిమి. ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు నేలను అడ్డముగ కోసి అతికిన వెల్డింగు, దానిపై నల్లని పూత. ఒక కారు ముందుభాగమును మఱొక కారు వెనుకభాగమును చేర్చి ఒక కారుగ చేసినారు.

రైతు చాలసేపు మాటలాడలేదు. తరువాత "పదివేలు పోయినట్లేనా మాస్టారూ" అనెను. పోయినట్లే యైనది. అడ్వాన్సు తిరిగి రాలేదు. కాని వారమునకు రెండుమార్లు ఆ రోగిని అతుకుమీద కూర్చుండబెట్టి రహదారిలో తీసికొనిపోవుట తప్పినది. రెండు నెలలకు ఆయన మఱొక కారు కొనెను. ముందుతలుపు సొట్ట, బానెట్టుమీద గీత, రంగు వెలిసినది. దాని అస్థి మాత్రము చెక్కుచెదరలేదు. వెల కొంచెము హెచ్చే.

మఱి కొన్ని చిన్న సాక్ష్యములు కలవు. అద్దముల మూలలలో తయారీదారు గుఱుతును తేదీసూచికయు ఉండును. అన్ని అద్దములును ఒకే కాలపువై యుండవలెను. ఒక్కటి మాత్రము క్రొత్తదైనచో కారణము అడుగవలెను. ఱాయి తగిలి అద్దము పగులుట సామాన్యమే గాని, ప్రక్క అద్దమును ఆ ప్రక్క తలుపురంగును రెండును క్రొత్తవైనచో అది ఱాయిపని కాదు. ముందుదీపములలో ఒకటి పసుపుబాఱి, ఒకటి తెల్లగ మెఱయుచున్నను అంతే. సీటుబెల్టును పూర్తిగ లాగి చూడుడు. అది తడబడక వచ్చి, తడబడక పోవలెను. గాలిసంచుల దీపము తాళము త్రిప్పగనే వెలిగి కొన్ని క్షణములకు ఆరిపోవలెను. ఆరకున్న దోషము. అసలు వెలుగకున్న అనుమానము, ఏలయన పేలిపోయిన సంచిని మార్చక దీపమునే తొలగించు మోసగాండ్రు కలరు. డ్రైవరు గాలిసంచి 2019 జూలై 1 నుండియు, ప్రక్కసీటు గాలిసంచి అన్ని క్రొత్తకార్లకు 2021 డిసెంబరు 31 నుండియు తప్పనిసరియైనవి. టైర్లు ఒక అంచునే అరిగియున్నచో చక్రముల అమరిక చెడినది. తిన్నని దారిలో కారు ఒక ప్రక్కకు లాగినచో ఆ అనుమానము బలపడును.

దేహము చెప్పినదానిని కాగితములతో సరిచూడవలెను. దేహముమీద చెక్కిన ఛాసిస్ సంఖ్య 17 అక్షరములు, అంకెలు కలది. దానిని ఆర్.సి.తో ఒక్కొక్క అక్షరముగ పోల్చుడు. దానిచుట్టు అరగదీత గాని వెల్డింగు గాని యున్నచో వెంటనే లేచి రండు. పాత బీమాపత్రము చూపుమని యడుగుడు. అందు క్లెయిము చేయనివారికి ఇచ్చు తగ్గింపు వ్రాసియుండును. మొదటి ఏడు క్లెయిము లేకున్న 20 శాతము, పిమ్మట 25, 35, 45, ఐదేండ్లకు 50 శాతము. ఏండ్లతరబడి ఒకే యజమానియొద్ద నున్న కారునకు ఈ తగ్గింపు శూన్యమైనచో ఏదో క్లెయిము జరిగినదో, బీమా తెగినదో విచారింపవలెను. మరమ్మతు ఖర్చు బీమా వెలలో 75 శాతమునకు మించినచో ఆ కారును పూర్తినష్టముగ లెక్కించుట బీమా సంప్రదాయము. అట్టివి పాతసామానుగ అమ్ముడుపోయి, అతికింపబడి, మఱల సంతకు వచ్చుట కలదు. కంపెనీ సర్వీసు శాలలో కారు చరిత్ర దొరకినచో తప్పక చూడవలెను. బయట చేయించిన పనులు అందు ఉండవు గనుక దానినే నమ్మి ఉండరాదు.

చట్టము మనకు తోడుపడదా యని మీరడుగవచ్చును. తెలిసిన దోషమును బుద్ధిపూర్వకముగ కప్పిపుచ్చుట మోసమని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షను చెప్పుచున్నది. కాని 19వ సెక్షనులో ఒక మినహాయింపు కలదు. అమ్మువాడు మోసముగ మౌనము వహించినపుడు, కొనువాడు సామాన్యమైన శ్రద్ధతో నిజము తెలిసికొనగలిగి యుండినచో, ఆ కారణముచేత ఒప్పందమును రద్దు చేసికొనజాలడు. చూడగలిగియు చూడనివానిపై చట్టమునకు జాలి తక్కువ. కావున చూచుట మన పని. చూచినపిమ్మట "ఈ కారునకు పెద్ద ప్రమాదము జరుగలేదు, దేహమున కోత అతుకు లేదు" అని అమ్మువానిచేత వ్రాయించి సంతకము తీసికొనుట రెండవ పని. నిజాయితీపరుడు వ్రాయుటకు వెనుదీయడు. వెనుదీసినవాని మౌనమే ఒక జవాబు.

దోషము కనబడినపుడు అమ్మువానిని దూషింపవలదు. ఆయనయు ఆ కారును ఎఱుగక కొనినవాడు కావచ్చును. "ఇచ్చట పని జరిగినట్లున్నది, ఏమి జరిగినది?" అని మెల్లగ అడిగి, జవాబు పూర్తియగు వఱకు వినుడు. చెప్పిన కథయు రేకు చెప్పిన కథయు ఒకటైనచో, అది చర్మగాయమే యైనచో, తగిన వెల తగ్గించుకొని కొనవచ్చును. రెండు కథలు పొసగనిచో నమస్కారము చెప్పి వచ్చుడు. సొమ్ము చేతులు మాఱకముందే మన స్వతంత్రము. అందుచేత కారును కన్నులార చూడకముందు ఒక్క రూపాయియైన అడ్వాన్సు ఇయ్యరాదు. మీకు ఇంకను సందేహమున్నచో, అమ్మువానితో సంబంధములేని మంచి పనివానిని పిలిచి, కారును పైకెత్తించి క్రిందిభాగము చూపింపుడు. వానికిచ్చు కూలి కారు వెలలో లెక్కకు రానంత.

పెద్దలారా! మోకాళ్ల నొప్పులతో వంగి చూడలేమనియు, కన్నులు ఆననివి యనియు మీరు సంకోచింపవచ్చును. వంగుటకు మనుమలు కలరు. ఏది చూడవలెనో చెప్పుటకు మీరుండవలెను. క్రొత్తరంగు చూచినపుడు యువకుని మనస్సు తొందరపడును. మూట విప్పుటకు ముందు ఒక గడియ ఆగుమని చెప్పు హక్కు ఆ యింటిలో మీకే కలదు. తరువాతిసారి మిమ్ములను ఎవరైన కారు బేరమునకు తోడు పిలిచినపుడు జేబులో ఒక అయస్కాంతమును, ఒక గుడ్డపేలికను వేసికొని ఉదయమే బయలుదేరుడు. టీ మాత్రము పరీక్ష ముగిసిన పిమ్మటనే త్రాగుడు.